రెక్కాడితేగాని డొక్కాడదు

రెక్కాడితేగాని డొక్కాడదని మన పెద్దవాళ్ళు రోజు కూలితో బతికేవాళ్ళ గురించి అన్నారు. ఇందులో రెక్కంటే పిట్ట రెక్క కాదు, మనిషి చెయ్యి. చెయ్యి కదిలితేనే కడుపు నిండుతుందని తాత్పర్యం. కాని నన్నడిగితే, ఈ సామెత అతికినట్టు సరిపోయేది మనుషులకి కాదు, మనం చీపురుకట్ట పుచ్చుకుని వంటింట్లోంచి తరిమే ప్రాణులకి. బొద్దింక, చీమ, సాలీడు, తేలు, జెర్రి, గోదావరిలో రొయ్య, సముద్రపొడ్డున పీత - ఇవన్నీ ఒకే వంశం. కాళ్ళకి కీళ్ళుంటాయి, ఒంటికి పైన పెంకుంటుంది. పిల్లల సైన్సు పుస్తకంలో ‘ఆర్థ్రోపొడా’ అని ఉంటుంది చూడండి, అదే. నోరు తిరక్కపోతే కీలుకాళ్ళవాళ్ళు అనుకుందాం.

ఈ కీలుకాళ్ళవాళ్ళకి మనకున్నలాంటి దవడలు లేవు, పళ్ళు లేవు. తినడానికి ఏ పనిముట్టు కావలసివచ్చినా కాళ్ళనే మార్చి తయారుచేసుకున్నారు. నమలడానికో జత, పట్టుకోవడానికో జత, అందించడానికో జత.

రొయ్యలు వలిచే అలవాటున్నవారికి ఇది నేను చెప్పక్కర్లేదు. తలకాయ కింద గుత్తిలా బోలెడు చిన్నచిన్న ముక్కలుంటాయి. “నడిచేదీ లేదు, పాడూ లేదు, దీనికిన్ని కాళ్ళెందుకమ్మా?” అంటారు మా పక్కింటి పిన్నిగారు, పళ్ళెం ముందేసుకు కూర్చున్నప్పుడల్లా. నడవడానికి కాదు పిన్నిగారూ, తినడానికి! రొయ్య నోటిచుట్టూ అలాంటివి ఆరు జతలుంటాయి. అన్నీ ఒకప్పటి కాళ్ళే. జెర్రి కుట్టిందంటాం గాని, నిజానికి అది నోటితో కుట్టదు, కొండితో కుట్టదు. మొదటి జత కాళ్ళే విషపు కోరలయ్యాయి దానికి. దోమ మన ఒంట్లోకి దించే సూదుల్లో చాలావరకూ, సీతాకోకచిలుక పువ్వులోకి చాచే గొట్టం, అన్నిటి మూలమూ కాళ్ళ జతలే. పంచదార పలుకు దగ్గర చీమని ఒక్క నిమిషం పరకాయించి చూడండి. మన దవడ కిందకీ పైకీ ఆడుతుంది. దాని దవడలు పక్కలకి, కత్తెరలా తెరుచుకుంటాయి. కుడికాలూ ఎడమకాలూ కనక అలా ఆడుతున్నాయి.

ఇదేదో ఊహించి చెప్పిన మాట కాదు. పండు ఈగల్ని పెంచి పరిశోధనలు చేసే శాస్త్రజ్ఞులు బ్రిడ్జెస్, డోబ్జాన్‌స్కీ అని ఇద్దరు 1933లో ఒక వింత ఈగని వర్ణించారు. దానిలో ఒక జన్యువు దెబ్బతింది. దాంతో నోటి భాగాలుండాల్సిన చోట కాళ్ళు మొలిచాయి! అంటే నోరు తన పాత రూపానికి పోయిందన్నమాట. కొత్త కోడలు ఎంత మారినా కోపం వచ్చినప్పుడు పుట్టింటి యాస బయటపడుతుందంటారే, అలాగ.

సరే, ఇప్పటి ఈగ సాక్ష్యం చెప్పింది. మరి ఈ మార్పు ఎప్పుడు జరిగింది? ఎవరితో మొదలైంది? దానికి సాక్ష్యం రాళ్ళలో వెతకాలి. అక్కడే చిక్కంతా. పెంకు గట్టిది, శిలాజంగా మిగులుతుంది. కాళ్ళు మెత్తన, కుళ్ళిపోతాయి. ట్రైలోబైట్లని ఒక పురాతన జాతి ఉండేది. వాటి పెంకులు ప్రపంచమంతటా దొరికాయిగాని, ఎన్నో ఏళ్ళ పాటు కాళ్ళు మాత్రం సరిగ్గా ఎవరికీ చిక్కలేదు. అసలు వీటికి కాళ్ళున్నాయా అని పండితులు వాదించుకునేవారు.

ఆ వాదం తీర్చినవాడు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు కుర్రాడు చార్లెస్ డూలిటిల్ వాల్కాట్. 1850లో పుట్టాడు. కాలేజీ గుమ్మం తొక్కలేదు. ఒక రైతు దగ్గర పొలం పనిచేస్తూ, ఆ చుట్టుపక్కల రాళ్ళలో శిలాజాలు ఏరుకునేవాడు. రోకలిబండని ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది కదా, కొన్ని ట్రైలోబైట్లు అలాగే చుట్టుకుని చచ్చి రాయయిపోయాయి. కాళ్ళంటూ ఉంటే ఆ చుట్ట లోపల భద్రంగా ఉండాలి. వాల్కాట్ ఆ రాళ్ళని పలచగా కోశాడు. అరగదీశాడు. వెలుతురు ఆనేంత పలచగా, అప్పడం కన్నా పలచగా అరగదీసి చూస్తే లోపల కాళ్ళు కనిపించాయి. 1876లో ఆ సంగతి బయటపెట్టి, 1881లో దానిమీద పెద్ద గ్రంథమే రాశాడు.

ఆ కాళ్ళు ఎలా తినేవో తెలిస్తే మీకు నవ్వొస్తుంది. ట్రైలోబైట్లకి విడిగా నమిలే అవయవం లేదు. ప్రతి కాలికీ ఒంటిని అంటుకునే మొదట్లో, అంటే మన లెక్కలో తొడ దగ్గర, లోపలివైపు ముళ్ళుంటాయి. ఎడమ తొడా కుడి తొడా ఎదురెదురుగా ఆడుతుంటే మధ్యలో పడ్డ తిండి నలిగి, వెనకనించి ముందుకి, నోటిదాకా జరుగుతూ వస్తుంది. చెరుకు గానుగలో గడ పడ్డట్టు. నడుస్తూనే నమలడం! ఒరిస్సా, బెంగాలు సముద్ర తీరాల్లో గుర్రపుడెక్క పీత అని ఒకటుంటుంది, పేరుకి పీతగాని సాలీడుకి దగ్గర చుట్టం. అది ఇవాళ్టికీ ఇలాగే తింటుంది. అంటే కీలుకాళ్ళవాళ్ళ తొలి వంటింటి పద్ధతి ఒకటి మన పొరుగు రాష్ట్రపు ఒడ్డున ఇంకా నడుస్తోంది.

ఇంతవరకూ కథ తిన్నగానే సాగింది. అసలు తమాషా ఇక్కణ్ణించి.

కెనడా దేశంలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రంలో, రాకీ పర్వతాల మధ్య, ఫీల్డ్ అని చిన్న ఊరుంది. కొండలు తొలిచి ఆ దోవన రైలు మార్గం వేశారు. పక్కనున్న స్టీఫెన్ కొండమీద రాతి పురుగులు దొరుకుతున్నాయని రైలు పనివాళ్ళు చెప్పుకునేవారు. ఆ మాట పట్టుకుని 1886లో రిచర్డ్ మెక్‌కానెల్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కొండెక్కి కొన్ని ఏరుకొచ్చాడు. అందులో ఒక వింత వస్తువుంది. జానెడులోపు పొడుగు, గణుపులు గణుపులుగా వంగి, లోపలివైపు జంటలుగా ముళ్ళు. చూస్తే అచ్చం వలిచి తల తీసేసిన రొయ్య. 1892లో జోసఫ్ వైటీవ్స్ అనే శాస్త్రజ్ఞుడు దానికి అనామలొకారిస్ అని నామకరణం చేశాడు. వింత రొయ్య అని ఆ మాటకి అర్థం. వింతెందుకయిందంటే, ఎన్ని దొరికినా ఒళ్ళే గాని తల దొరకదు. తల లేని రొయ్యలు! ఒకాయన, మరోచోట దొరికిన వేరే జీవి పెంకు తెచ్చి దీనికి తలపాగా చుట్టి చూశాడు కూడా. కుదరలేదు.

అప్పటికి మన వాల్కాట్ చాలా పెద్దవాడయిపోయాడు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థకి కార్యదర్శి. 1909 ఆగస్టు చివర, 59 ఏళ్ళ వయసులో, భార్యనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఫీల్డ్ పైన బర్జెస్ కనుమ దారిలో తిరుగుతుంటే ఆయనకి ఒక నల్లరాతి పొర తగిలింది. దాన్నే బర్జెస్ షేల్ అంటారు. అందులో పెంకులే కాదు, మెత్తని కాళ్ళు, మొప్పలు, పేగులు, కళ్ళు అన్నీ పలకమీద బొమ్మ గీసినట్టు ఉన్నాయి. 50 కోట్ల 80 లక్షల ఏళ్ళనాడు అదంతా సముద్రపు అడుగు. గట్టుమీంచి బురద ఒక్కసారిగా జారి ఆ జీవుల్ని కప్పేసింది. గాలి సోకక కుళ్ళలేదు. ఊరగాయ జాడీలో ముక్క మునిగుంటే బూజు పట్టదని మనకి తెలియదూ? అదే సూత్రం.

ఈ దొరకడం గురించి ఒక ముచ్చటైన కథ చాలాకాలం ప్రచారంలో ఉంది. వాల్కాట్ గారి భార్య హెలీనా ఎక్కిన గుర్రం దారిలో కాలుజారి ఒక రాతి పలకని తిరగేసిందనీ, అది ఆయన కంటబడిందనీ, ఇంతలో మంచు పడటంతో ఉత్తచేతుల్తో తిరిగొచ్చారనీ. ఆయన పోయాక ఒక స్నేహితుడు రాసిన నివాళిలో ఇది అచ్చయింది. స్టీఫెన్ జే గూల్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1989లో అచ్చయిన ‘వండర్‌ఫుల్ లైఫ్’ అనే పుస్తకంలో వాల్కాట్ డైరీలు ముందేసుకుని దీని నిజానిజాలు తేల్చాడు. మంచూ లేదు, గించూ లేదు, ఎండ కాసింది. భార్యతో, కొడుకు స్టూవర్ట్‌తో కలిసి శిలాజాలు ఏరుతూ గడిపినట్టు ఆ రోజు డైరీలో ఆయనే రాసుకున్నాడు. మరుసటి ఏడు తవ్వాడు కొడుకులతో, విడగొట్టింది ఎవరనుకున్నారు? రాళ్ళు కొండమీంచి జార్చి, గుర్రాలమీద గుడారానికి చేరిస్తే, అక్కడ వాటిని పొరలు పొరలుగా విడగొట్టి, చెక్కి, మూటలు కట్టే పనిలో హెలీనా చెయ్యి ఉందని వాల్కాట్ అచ్చులోనే చెప్పాడు. కథలో మాత్రం పేరు గుర్రానికి దక్కింది. సుత్తి పట్టుకున్న ఆడమనిషి కన్నా, కాలుజారిన గుర్రం కథకి అందంగా ఉంటుంది కాబోలు!

పాపం, ఆ మహాతల్లి ఎక్కువకాలం లేదు. 1911 జూలైలో రైలు ప్రమాదంలో పోయింది. వాల్కాట్ మాత్రం 1924 దాకా ఆ గనికి వెడుతూనే ఉన్నాడు. 65 వేలకి పైగా శిలాజాలు వాషింగ్టన్ చేర్చాడు. కొడుకు సిడ్నీకి దొరికినదానికి సిడ్నేయియా అని పేరు పెట్టుకున్నాడు. తిరిగిచూసే తీరిక లేని ఉద్యోగం, దానికి తోడు ఒకదాని తరవాత ఒకటి ఇంట్లో చావులు. శిలాజాలకి త్వరత్వరగా పేర్లు పెట్టి, వర్ణించి, సొరుగుల్లో సర్దేశాడు.

ఆ సర్దడంలో ఏమయిందో చూడండి. గుండ్రంగా ఒక శిలాజం వచ్చింది. చుట్టూ 32 రేకులు, మధ్య కన్నం. అనాసపండుని చక్రంలా తరిగి మధ్య దుంప తీసేసినట్టుంటుంది. ఇది జెల్లీచేప అన్నాడు, పేయ్‌టోయియా అని పేరు పెట్టాడు. మరోటి మెత్తగా, పొడుగ్గా ఉంది. ఇది సముద్ర దోసకాయ అనే జంతువన్నాడు, లగ్గానియా అని పేరు. దువ్వెనలాంటి ముళ్ళున్న చెయ్యొకటి విడిగా దొరికితే అది సిడ్నేయియాది అయుంటుందని దానికి అంటగట్టాడు. వింత రొయ్య ఎలాగూ ఉంది. ఎవరి పేరు వాళ్ళది, ఎవరి సొరుగు వాళ్ళది. 1927లో ఆయన పోయాడు. అంత పెద్దాయన చెప్పిన మాట కదా అని ఆ సొరుగులు దాదాపు నలభై ఏళ్ళు ఎవరూ గట్టిగా కదపలేదు.

1966లో, 67లో కెనడా భూగర్భ సర్వే వారు ఆ గని మళ్ళీ తవ్వించారు. కేంబ్రిడ్జి ఆచార్యుడు హ్యారీ విటింగ్టన్‌కి ఆ శిలాజాల పని అప్పగించారు. నిదానస్థుడు. సూక్ష్మదర్శిని కింద పెట్టి, పంటి డాక్టరు దగ్గరుండేలాంటి చిన్న పనిముట్లతో, ఒక్కొక్క పొరే ఒలిచేవాడు. పైన కాలుంటే దాన్ని తీసి, కిందేముందో చూసేవాడు. 1972లో ఆక్స్‌ఫర్డ్ సభలో ఆయన ఒపాబీనియా అనే జీవి బొమ్మ చూపిస్తే సభంతా గొల్లున నవ్విందట. నవ్వరూ మరి! అయిదు కళ్ళు, ఏనుగు తొండంలాంటి గొట్టం, దాని చివర చిమట. ఆ తొండంతో పట్టుకుని నోటికి అందించుకునేదట. ఆ తొండం కూడా, రెండు చేతులు కలిసి ఒకటయిందే అని ఇప్పుడు అనుకుంటున్నారు.

ఆయన శిష్యులు ఇద్దరు, డెరెక్ బ్రిగ్స్, సైమన్ కాన్వే మారిస్. లగ్గానియాని చూసి మారిస్ 1978లో, ఇది స్పంజిమీద జెల్లీచేప వచ్చి పడి రెండూ కలిసి రాయయినట్టుంది అన్నాడు. మరుసటి ఏడు బ్రిగ్స్ అనామలొకారిస్ వంతు పుచ్చుకున్నాడు. ఇన్ని రొయ్యల్లో ఒక్కదానికీ తల లేదు, ఒక్కదానికీ పేగు ఆనవాలు లేదు. అలాంటప్పుడు ఇది ఒళ్ళే కాకపోవచ్చు కదా? ఇది కాలు అన్నాడు. కాలే ఇంత ఉంటే జంతువెంత ఉండాలో చూసుకోండి అన్నాడు. 87 ఏళ్ళ తరవాత తల లేని రొయ్యకి తల వెతకడం అలా ఆగింది.

కాని ఆ జంతువేదీ? దాన్ని బయటపెట్టింది విటింగ్టన్ ఉలి. తేల్చుకోలేక పక్కనబెట్టిన ఒక పెద్ద శిలాజాన్ని ఒలుస్తూ పోతుంటే, ముందువైపున వంగిన వింత రొయ్య బయటపడింది. తల కింద ఏముందయ్యా అంటే, అనాసపండు చక్రం! జెల్లీచేప జెల్లీచేప కాదు, నోరు. రొయ్య రొయ్య కాదు, ఆ నోటికి తిండి అందించే చెయ్యి. దోసకాయ అనుకున్నది ఇలాంటిదాని ఒళ్ళు. బ్రిగ్స్, విటింగ్టన్ 1985లో ఈ సంగతి ప్రకటించారు. గుడ్డివాళ్ళు ఏనుగుని చూసిన కథ మనకి తెలుసు. అందులో ఏనుగు ఒకచోటే నిలబడుంది, పాపం, గుడ్డివాళ్ళే తిరిగారు. ఇక్కడ ఏనుగే నాలుగు సొరుగుల్లో పడుంది.

తరవాత టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం వారు తవ్వితే పూర్తి శిలాజాలు దొరికాయి. అప్పుడు తెలిసింది, ఇవి ఒకటి కాదు, దగ్గర చుట్టాలైన రెండు జంతువులని. అసలైన అనాస చక్రం, దువ్వెన చెయ్యి, దోసకాయ ఒళ్ళు ఒకదానివి. దాని పేరు పేయ్‌టోయియా అనే ఉంచారు. వింత రొయ్య చేతులు రెండోదానివి. మూరెడు లోపు ఒళ్ళు, పక్కలకి తెడ్లలాంటి రెక్కలు, కాడలమీద పెద్ద కళ్ళు. ఆస్ట్రేలియా దగ్గర కంగారూ దీవిలో దొరికిన దీని జాతి కళ్ళని పరీక్షించి, ఒక్కొక్క కంట్లో 16 వేలకి తగ్గకుండా చిన్న కటకాలున్నాయని 2011లో చెప్పారు. మిగతా జీవులు చాలావరకూ వేలెడు పొడుగు దాటని ఆ రోజుల్లో ఇది సముద్రానికి రాజే.

రాజనగానే రాక్షసుడని కూడా అనేశారు. ఆ కాలపు ట్రైలోబైట్ల పెంకులమీద కొరికిన గాట్లున్నాయి. ఇంకెవరు చేస్తారు, ఈ ముళ్ళ చేతులవాడే అయుంటాడని నేరం మోపారు. పిల్లల పుస్తకాల్లో దాని బొమ్మ వేస్తే ట్రైలోబైటుని విరుస్తూనే వేసేవారు. 2023లో రసెల్ బిక్నెల్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివాళ్ళూ ఆ చేతిని కంప్యూటర్లో కట్టి, ఎంత వంగుతుంది, ఎంత బలం పడితే ఎక్కడ నొప్పి తగులుతుందని లెక్కవేశారు. తేలింది ఏవిటంటే, అది పట్టుకోవడానికి చురుకైన చెయ్యేగాని, పెంకులు పగలగొట్టే చెయ్యి కాదు. ట్రైలోబైటుతో పెట్టుకుంటే దాని ముళ్ళే దెబ్బతినేవి. చేతులు ముందుకి చాపి ఈదుతూ, నీళ్ళలో తేలే మెత్తని వాటిని ఒడుపుగా అందుకుని ఉంటుంది. మరి పెంకులు కొరికిందెవరు? సిడ్నేయియాని పట్టి చూస్తే దాని పేగులోనే ట్రైలోబైటు ముక్కలున్నాయి. గుర్రపుడెక్క పీతలాగా తొడలతో నలిపి తినేది కనక దానికది సాధ్యమే. భయంకరంగా కనిపించినవాడిమీద నేరం పడటం, నెమ్మదిగా నేలమీద నడిచేవాడు తప్పుకోవడం 50 కోట్ల ఏళ్ళనాటిదన్నమాట!

ఇహ ఆ రాజుగారి బంధువర్గాన్ని చూడండి. గ్రీన్‌లాండ్ ఉత్తరాన దొరికిన టమీసియోకారిస్ చేతికి ముళ్ళమీద మళ్ళీ సన్నని ముళ్ళు, పేలదువ్వెన పళ్ళంత దగ్గరగా ఉన్నాయి. 2014లో లెక్కగడితే అరమిల్లీమీటరు నలుసుని కూడా వడగట్టగలదని తేలింది. మొరాకోలో మొహమ్మద్ బెన్ మౌలా అనే శిలాజాల వేటగాడికి దొరికిన జంతువు 2 మీటర్ల పొడుగు, మనిషికన్నా పెద్దది, దానివి జల్లెడ చేతులే. ఆయన పేరు కలిపి 2015లో దానికి ఈజిరోకాసిస్ బెన్‌మౌలే అని పెట్టారు. 48 కోట్ల ఏళ్ళనాడు, తిమింగలాలు పుట్టకమునుపే, తిమింగలంలా నీళ్ళు వడగట్టుకుని బతికిన జీవి. కాంబ్రోరాస్టర్ అని మరోటి, 2019లో వర్ణించారు. దానివి గడ్డి పోగుచేసే పండ్లపారల్లాంటి చేతులు. బురద గెలికి ఏరుకు తినేది. చెయ్యి అందరిదీ ఒకటే. ఒకరు గాలం చేసుకున్నారు, ఒకరు జల్లెడ, ఒకరు పండ్లపార.

నాకు ఇందులో అబ్బురమనిపించేది ఈ పొదుపు. మనిళ్ళల్లో పాత చీర ముందు లంగా అవుతుంది, లంగా దిండు గలీబవుతుంది, ఆఖరికి మసిగుడ్డ అవుతుంది. ప్రకృతి కూడా అలాంటి గడుసు ఇల్లాలే. కొత్త గుడ్డ కొనదు. ఇప్పటి బొద్దింక మీసాలూ, సాలీడు కోరలూ తలలో ఒకే స్థానంలో పుట్టే జతని జన్యువుల పరిశోధన 1998లో చూపింది. ఒకరు వాసన చూడ్డానికి వాడుకున్నారు, మరొకరు విషం ఎక్కించడానికి. అనామలొకారిస్ చేతులూ ఆ జతేనని చాలామంది పరిశోధకులు ఇప్పుడు నమ్ముతున్నారు. కొందరు ఒప్పుకోరు, వాదన నడుస్తోంది.

మధ్యమెట్లు కూడా ఒక్కొక్కటే దొరుకుతున్నాయి. చైనాలో యునాన్ రాష్ట్రంలో చెంగ్జియాంగ్ దగ్గర 1984లో హౌ షియాన్‌గ్వాంగ్ కనిపెట్టిన రాళ్ళు బర్జెస్ కన్నా పాతవి, 51 కోట్ల 80 లక్షల ఏళ్ళవి. అక్కడి కైలిన్‌షియా సంగతి 2020లో బయటపడింది. ఒపాబీనియాకిలా అయిదు కళ్ళున్నాయని అప్పుడు చెప్పారు, రాజుగారికిలా ముళ్ళ చేతులు, ఒళ్ళు మాత్రం నిజమైన కీలుకాళ్ళవాళ్ళది. గుళ్ళో స్తంభాలమీద యాళి ఉంటుంది చూడండి, సింహం ఒళ్ళూ ఏనుగు తొండమూ కలిపి, అలాగ. చైనా పురాణాల్లోని అలాంటి మృగం పేరే దీనికి పెట్టారు. బర్జెస్ కొండలకి దగ్గర్లోనే 2012లో దొరికిన మరో గనిలోంచి టోకుమ్మియా వచ్చింది. దాని నోటిదగ్గర అచ్చమైన దవడలున్నాయని 2017లో చెప్పారు. చీమలు, రొయ్యలు, జెర్రులు, దోమలు అన్నీ ఆ దవడల శాఖవి. 2019లో మోలిసోనియా అని బొటనవేలంత జంతువు, నోటిముందు బుల్లి చిమటలతో కనిపించింది. సాలీళ్ళూ తేళ్ళూ ఆ చిమటల శాఖవి. అప్పటికే ఇంటి పంపకాలు అయిపోయాయన్నమాట. ఎవరి చెయ్యి వాళ్ళు తీసుకుని ఎవరి దోవన వాళ్ళు వెళ్ళారు.

ఇదంతా మనకెందుకంటారా? ఒక్కటి చెబుతాను. ఈ జంతువుని పండితులు రెండుసార్లు అపార్థం చేసుకున్నారు. మొదటిసారి చేతిని చూసి అదే మొత్తం ప్రాణి అనుకున్నారు. రెండోసారి మొత్తం ప్రాణిని చూశాక, చెయ్యి భయంకరంగా ఉంది కనక పని కూడా భయంకరమైనదే అనుకున్నారు. ఆ చెయ్యి వాస్తవంగా ఏం పట్టుకోగలదు, ఎంత బరువు మోయగలదు, సాయంత్రానికి ఎక్కడ నొప్పెడుతుంది అని అడగడానికి 130 ఏళ్ళు పట్టింది. చేతుల్ని చూసి మనిషిని అంచనా కట్టడం, ఆ చేతులు రోజంతా చేసే పని మాత్రం కానకపోవడం లోకంలో కొత్త కాదు. హెలీనా వాల్కాట్‌ని అడిగితే చెప్పుండేది.

ఇప్పుడు మన పిల్లలు చాలామంది కెనడాలో ఉంటున్నారు. అమ్మాయి పురిటికో, మనవల్ని చూసుకోవడానికో టొరంటో వెళ్ళేవారు, ఓ మధ్యాహ్నం తీరిక చేసుకుని రాయల్ ఒంటారియో మ్యూజియానికి తీసుకెళ్ళమనండి. 2021లో అక్కడ తొలి జీవులకోసమని కొత్త విభాగం తెరిచారు. నల్లటి పలకమీద వంపు తిరిగిన రొయ్యలాంటిది కనబడితే కాస్త ఆగి చూడండి. మనవడు “రొయ్యా, అమ్మమ్మా?” అని తప్పకుండా అడుగుతాడు. వెంటనే చెప్పెయ్యకండి. తల ఎక్కడుందో వెతకమనండి.